పద్దెనిమిదో భాగం

రుద్రాంశ్ చచ్చి నూట ముప్ఫై ఏళ్లు.
కృష్ణ మీద రైలు వంతెన కట్టేటప్పుడు
దూలం మీంచి జారి నీళ్లలో పడ్డాడు.
జారలేదు, నేనే తోశాను,
రెండో భాగంలో, ఓ మంగళవారం పొద్దున,
కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ నడుమ.

ఇప్పుడు పద్దెనిమిది.
"ఈ వారమన్నా ముద్దు పడాలి మేడమ్" అని
యాప్ ఆఫీసు నుంచి ఓ కుర్రాడి ఫోను.
వాడికింకా పెళ్లి కాలేదని గొంతులోనే తెలుస్తుంది.
సరే నాయనా అన్నాను.
అనేటప్పుడు నా రెండో చేతిలో
చిన్నాడి సైన్సు నోటుకి వెయ్యాల్సిన అట్ట.

సత్యనారాయణపురంలో మేడ మీది వాటా మాది.
రాతబల్ల లేదు. కుట్టుమిషను ఉంది.
పిల్లలు పడుకున్నాక దాని అంచున మోచేతులు ఆనించి
ఫోన్లో బొటనవేళ్లతో రాస్తాను.
కింద కాళ్లు ఊరుకోవు, తొక్కుతూనే ఉంటాయి.
దారం లేని సూది పైకీ కిందకీ ఆడుతూ
రాత్రికి ఏదో అతుకు వేస్తూ ఉంటుంది.

తొలి పాఠకురాలు మా అత్తగారు.
అద్దాలు పెట్టినా అక్షరం ఆనదు,
బీరకాయ చెక్కు తీస్తూ పాపచేత చదివించుకుంటుంది.
చేతులు పట్టుకున్న చోట పాప గొంతు తగ్గిస్తే
"గట్టిగా చదవ్వే, నాకు చెవుడు" అంటుంది.
చెవుడు లేదు.
"దయ్యానికి నీడుండదు గదా,
పదకొండులో గోడ మీద పడిందేం?"
దిద్దుకున్నాను.
ముప్ఫయ్యో భాగంలో వాడికి మోక్షం,
కథ కంచికి, అని చెప్పిన రోజు మాత్రం
కత్తిపీట పక్కకి జరిపింది.
"మీ మామగారు పోయాక
మూడేళ్లు గడియ వెయ్యకుండా పడుకున్నాను.
ఒక్క రాత్రీ రాలేదు.
ఆ పిల్లకి వస్తున్నాడు గదా,
అప్పుడే పంపేస్తావేంటే."

నలభై ఐదు భాగాలు చేశాను.
ఆఫీసు వాళ్లు డబ్బుకోసం అనుకున్నారు.
అదీ ఉందనుకోండి, ట్యూషను ఫీజు ఉంది.

మా ఆయన పేరు పూర్ణచంద్రరావు.
గూడ్సు రైలు గార్డు. పున్నమికీ అమావాస్యకీ తేడా లేకుండా
ఏ రెండింటికో మూడింటికో వస్తాడు.
బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతాడు.
లైటు వెయ్యడు.
చీకట్లోనే పెరుగన్నం కలుపుకుంటాడు.
పిల్లలకి నాన్నంటే చాలా వారాలు
పొద్దున్నే సింకులో కనిపించే కంచం.

"అడుగుల చప్పుడు లేకుండా వచ్చి
దుప్పటి సర్ది పోయేవాడు
ఎక్కడుంటాడు మేడమ్, అంతా మీ ఊహ!"
అని రాస్తుంటారు నరసరావుపేట నుంచి, నిడదవోలు నుంచి.
ఊహే తల్లీ.

ఇవాళ మూడుంపావు.
చల్లటి స్పర్శ దగ్గర వాక్యం ఆగిపోయింది.
"ఏవండీ, ఒకసారి చెయ్యి మెడ మీద పెట్టండి."
"అన్నం చెయ్యి."
"ఎడంది."
పెట్టాడు.
ఇనప్పెట్టె మోసిన చెయ్యి, డీజిలు,
బొగ్గు వ్యాగన్ల నుసి, ఏ స్టేషన్ అవతలో పట్టుకున్న చలి.
"మీవాడికీ నైట్ డ్యూటీయేనా?"
"ఎప్పటికీ."
"అలవెన్సు అడగమను."
నవ్వు తన్నుకొచ్చింది.
పిల్లలు లేస్తారని
ఆయన నా నోరు, నేను ఆయన నోరు మూశాం.
అట్లా ఎంతసేపున్నామో
వేలి కింద ఫోను తెర ఆరిపోయింది.

కింద కుళాయి దగ్గింది. నాలుగున్నర.
ముప్పావుగంటలో పోతుంది,
బిందెలు, బకెట్లు, నానేసిన యూనిఫారాలు.
మెట్ల మొదట్లో నాకన్నా ముందే అత్తగారు,
చీకట్లో తెల్లచీర.
"పెట్టాడా?"
"ఇంకా లేదత్తయ్యా, నీళ్లొచ్చాయి."
"పోన్లే" అని బిందె కుళాయి కిందకి తోసింది,
"చచ్చినవాడికి తొందరేముంది."